ఇద్దరు రాజుల మధ్య ఒక గడి

జూలై 2

బావమరిదికి,

నీ కార్డు నిన్న అందింది. నువ్వు ప్రూఫులు దిద్దే ప్రెస్‌లో మిగిలిన అట్టముక్క మీద చదరంగం గళ్ల ముద్ర కొట్టి, అందులో మూడు గుర్తులు పెట్టావు. నా రాజు, నా బంటు, నీ రాజు. అంతే. కింద "ఎత్తు నీది, గెలిచి చూపించు" అని రాశావు. మూడు కాయలతో ఆటేమిటి అనుకున్నాను. పంపు నడిచినంతసేపూ దాన్నే చూశాను. మూడుంటేనే కష్టంగా ఉంది.

నా ఎత్తు: బంటు రెండు గడులు ముందుకు. అది చివరి వరుస చేరితే మంత్రి అవుతుంది. ఎలాగూ వెళ్లాల్సిందే కాబట్టి ఆలస్యం ఎందుకని.

ఇక్కడ విశేషాలు లేవు. ట్యాంకులో నీళ్లు పదకొండు అడుగులు. రెండో పంపు బేరింగు మార్చాం. రెండో షిఫ్టు ఆపరేటరు, అదే మన నిద్రమంత్రి, కార్డు చూసి "ఒక గుర్రం అడిగి పెట్టించుకో అన్నా, రాజుతో ఏమవుతుంది" అన్నాడు.

మీ అక్క నీ దగ్గరికి వచ్చి నేటికి నలభై ఆరు రోజులు. యూనిఫారాల వర్క్‌షాపులో కటింగు పని మూడు నెలలకే అన్నారు కదా. బయల్దేరే ముందు "వెళ్లనా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాను. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆమె కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఆమె రాయలేదు, నేనూ రాయలేదు. వెళ్లింది ఆమె కాబట్టి ముందు రాయాల్సింది ఆమె అని నా అభిప్రాయం. ఇది ఆమెకు చెప్పనక్కర్లేదు.

పంపుహౌస్ నుంచి,
బావ


జూలై 6

బావా,

గెలిచే ఆటను ఒక్క ఎత్తుతో డ్రా చేశావు. అది కూడా ఒక ప్రతిభే. నీ బంటు ముందుకొచ్చిన మరుక్షణం నా రాజు వచ్చి దాని ముందు కూర్చున్నాడు. ఇక వాణ్ణి లేపడం నీ తరం కాదు, నీ నిద్రమంత్రి తరం అసలే కాదు.

నీ తప్పేమిటో చెబుతాను, నొచ్చుకోకు. బంటును ముందు తోసి రాజును వెనక దాచావు. ఆట నిండా కాయలున్నప్పుడు రాజు దాక్కోవాలి, నిజమే. కాయలన్నీ పోయాక మాత్రం రాజే ముందు నడవాలి. దారి తనే చేసుకోవాలి, బంటు వెనకాల రావాలి.

అసలు కిటుకు ఇప్పుడు చెబుతా. ఇద్దరు రాజులూ ఒకే నిలువు వరుసలో ఎదురెదురుగా, మధ్య ఒకే ఒక్క గడి ఖాళీగా నిలబడ్డారనుకో. ఆ గడిలో ఇద్దరిలో ఎవరూ కాలు పెట్టలేరు. అప్పుడు ఎత్తు ఎవరిదైతే వాడికే చిక్కు. ఏదో ఒకటి కదపక తప్పదు కాబట్టి పక్కకు తొలగాలి, తొలగగానే రెండోవాడు లోపలికి వచ్చేస్తాడు. దీన్ని ఆటగాళ్లు ఆపోజిషన్ అంటారు. అంటే ఆ సమయంలో బలం కాయల్లో ఉండదు బావా. ఎత్తు ఎవరిది అన్నదాంట్లో ఉంటుంది. ఇంకో మాట. చదరంగంలో ఊరుకోవడం అనే ఎత్తు లేదు. నీకు బాగా ఇష్టమైన ఎత్తు అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇందులో రెండో కార్డు పెడుతున్నాను. నీ రాజూ నా రాజూ ఎదురెదురుగా, మధ్య ఒక గడి. నీ బంటు నీ రాజు వెనక ఒక గడి వదిలి, ఇంకా కదలకుండా మొదటి చోటే ఉంది. ఎత్తు నీది. అయినా గెలుపు నీదే. ఎలాగో చెప్పు. తొందరపడకు.

ఇంకా రాద్దామంటే అక్క వచ్చి చేయి చాపి నిలబడింది, కవరు తనే అంటించి పోస్టు చేస్తుందట. "వర్క్‌షాపుకు పోయే దారే కదరా, ఇలా తే" అంటోంది. ఇన్నాళ్లకు నా ఉత్తరాల మీద శ్రద్ధ కలిగింది. ఇచ్చేస్తున్నాను.

నీ ముద్రారాక్షసుల వేటగాడు,
బావమరిది


జూలై 10

బావమరిదికి,

ఉత్తరం, కార్డు నిన్న అందాయి. నువ్వు చెప్పిన సంగతి మూడుసార్లు చదివాను. నేను బడికి వెళ్లినవాణ్ణి కాదు. మోటార్ల మీద రేకుల్లో ఉండే అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. కాబట్టి ఏదైనా మూడుసార్లు చదివితే గానీ ఎక్కదు. ఎక్కినది పోదు.

కిందటిసారి కార్డు పంపుహౌస్ గాలికి ఎగిరి నూనె పళ్లెంలో పడింది. అందుకని ఈసారి రాగానే కవరులోంచి తీసి, నా రోజువారీ పుస్తకంలో ఆ తేదీ పేజీకి అతికించాను. పిండి ఉడకబెట్టి నేనే జిగురు చేశాను, గట్టిగా పట్టింది. నాలుగు మూలలూ గరిటెతో నొక్కాను. ఇక ఏ గాలీ ఏమీ చేయలేదు. నీ కార్డులన్నీ ఇలాగే దాస్తాను. ఆ పేజీలో నీళ్లు పన్నెండు అడుగులు, వాన లేదు, ఉత్తరాలు ఒకటి అని ఉంది. దాని కింద మన ఇద్దరు రాజులు.

ఎంత చూసినా నువ్వు చెప్పిందే కనబడుతోంది. ఎత్తు నాది, కాబట్టి తొలగాల్సింది నేను. గెలుపు ఉందన్నావు, నాకు తోచలేదు. నా ఎత్తు: రాజు ఎడమకు ఒక గడి.

ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంచాను. వారానికోసారి నూనె వేస్తున్నాను. పాదం తొక్కితే బాగానే తిరుగుతోంది. ఎవరూ కుట్టకపోయినా బిగుసుకుపోతుందని వేస్తున్నాను, ఇంకేం లేదు. మీ అక్క కులాసాగా ఉందా?

బావ


జూలై 14

బావా,

నా రాజు కూడా అటే ఒక గడి. మళ్లీ ఎదురెదురుగానే ఉన్నాం. పాడు చేయలేదు, గెలుపు ఇంకా నీ చేతిలోనే ఉంది. కానీ నువ్వు దాన్ని చూడటం లేదు. రాజును చూస్తూ కూర్చోకు.

ఇక్కడ ఒక గడబిడ. నీ ఉత్తరం రాగానే అక్క గుమ్మంలోనే అడిగింది.

"ఏం రాశారు?"

"రాజును ఎడమకు జరిపాడు."

"అంతేనా?"

"నువ్వు కులాసాగా ఉన్నావా అని అడిగాడు. మిషనుకు నూనె వేస్తున్నాట్ట."

"ఇంకేం లేదా?"

"లేదు."

అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు వర్క్‌షాపులో నలభై కాలర్లు ఒకే వైపువి కత్తిరించిందట. ఎడమవి నలభై, కుడివి సున్న. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చేయని పని. నేను గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. వర్క్‌షాపు వాళ్లకు ఆమె చేతి పని నచ్చింది. మూడు నెలలు కాదు, కటింగు మేస్త్రీగా ఎప్పటికీ ఉండిపొమ్మంటున్నారు. ఈ నెల ముప్పై ఒకటిన సంతకం పెట్టాలి. పెడితే ఇక్కడే. పెట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి.

"బావకు రాయలేదా?" అన్నాను.

"రాశాను. జవాబు లేదు. అదే జవాబు అనుకోవాలి" అంది.

ఇదేం పద్ధతి బావా? ఆవిడ అంత పెద్ద విషయం రాస్తే, నువ్వు నాకు జిగురు ఎలా ఉడకబెట్టావో రాస్తావా? ఆటకు జవాబు తర్వాత ఇద్దువు గానీ, ముందు ఆమెకు జవాబివ్వు.

బావమరిది


జూలై 18

బావమరిదికి,

నీ ఉత్తరం నాకు కష్టం కలిగించింది. మీ అక్క నాకు ఏమీ రాయలేదు. మే పదిహేడు నుంచి నేటి వరకు నా పుస్తకం తిరగేశాను. వచ్చిన ప్రతి ఉత్తరమూ అందులో ఎక్కించి ఉంది. నీవి ఐదు. జలమండలి నుంచి రెండు. బీమా వాళ్లది ఒకటి. ఆమెది ఒక్కటీ లేదు. పోస్టుమాన్‌ను కూడా అడిగాను. "మీ ఇంటికి ఇంకేదీ రాలేదు సార్, వస్తే నేనెందుకు దాచుకుంటాను" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఈ పుస్తకం రాస్తున్నాను. ట్యాంకు మట్టం ఒక్క అంగుళం తప్పు రాసినవాణ్ణి కాదు. రాని ఉత్తరానికి జవాబు ఎలా ఇస్తాను?

ఆమె రాద్దామనుకుని రాయలేదేమో. లేదా రాసి పోస్టు చేయలేదేమో. రాయకుండానే రాశానని చెప్పిందంటే, ఆ ఉద్యోగం చేయాలని మనసులో నిశ్చయించుకుందని అర్థం. నేను అడ్డం పడటం బాగుండదు. ఆమె పనితనం నాకంటే ఎవరికి తెలుసు. ఉద్యోగం సంగతి ఆమె ఇష్టం.

నా ఎత్తు: రాజు మళ్లీ కుడికి, మొదటి గడికే.

బావ


జూలై 21

బావా,

నా రాజు కూడా మొదటి గడికే వచ్చాడు. సరిగ్గా కార్డులో ఇచ్చిన చోటే ఉన్నాం. ఆట సంగతి ఇంతటితో ఆపు, మిగతాది నిలబడి చదువు. కూర్చుని చదివితే మళ్లీ లేవవు.

నీ ఉత్తరం అక్క నా చేతిలోంచి లాక్కుని చదివింది. "ఆమె ఇష్టం" దగ్గర ఆగింది. మడిచి బల్ల మీద పెట్టింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇరవై ఏళ్లు కాపురం చేశాను, మొండితనం చూశాను, మూగతనం చూశాను. అబద్ధం ఇవాళే చూస్తున్నా. రాలేదట! పుస్తకంలో లేదట! ఆ పుస్తకంతోనే కాపురం చేసుకోమను" అంది.

"అక్కా, బావ ఎన్నైనా చేస్తాడు గానీ అబద్ధం ఆడడే. ఉత్తరం దారిలో పోయుంటుంది" అన్నాను.

"ఎలా పోతుందిరా? నీ ఉత్తరం చేరింది కదా? నీ కార్డు చేరింది కదా? దాని వెనకే రాశాను. వేరే ఉత్తరం రాస్తే చదివి ఎక్కడో పెడతారు, నీ కార్డయితే గంటలు గంటలు చూస్తారు కదా అని దాని వెనకే రాశాను. చూడకపోవడం ఏమిటి?"

పెట్టె తీసి నీ పదో తేదీ ఉత్తరం బయటికి లాగాను. పిండి జిగురు. నాలుగు మూలలు. గరిటె. అక్కకు చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "గరిటెతోనా?" అంది. తర్వాత ఇంకో మాట అంది: "చూసి ఉంటే ఏం రాసేవారో, అది రాయమను. ఇప్పుడు నేను రాశానని జాలిపడి రాయొద్దను."

ఏం రాసిందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. కార్డు తిప్పి చూడు బావా. ముప్పై ఒకటికి ఇంక పది రోజులు, అందులో మూడు ఈ ఉత్తరానికే పోతాయి.

బావమరిది


జూలై 24

బావమరిదికి,

నీ ఉత్తరం పదకొండు గంటలకు అందింది. నిలబడే చదివాను. నిద్రమంత్రిని పిలిపించి పంపు అప్పగించి, పుస్తకం కోసం ఇంటికి వచ్చాను. పని వేళలో పంపు విడిచి రావడం ఇదే మొదటిసారి. "అన్నా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. నాకే అని చెప్పాను.

కార్డు ఊడలేదు. నా జిగురు మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. నీళ్లు కాచి, ఆ ఆవిరి మీద పేజీ పట్టుకున్నాను. అరగంట పట్టింది. చివరికి కార్డు ఊడింది కానీ, వెనక అక్షరాలు లేవు. నీలపు మరక ఉంది. సిరా అంతా తడి జిగురుకు కరిగి నా పేజీ మీదికి దిగిపోయింది. పన్నెండు అడుగులు, వాన లేదు అన్న వరుసల కింద ఆమె రాత తిరగబడి ఉంది. ఒక్క ముక్క చదవలేకపోయాను.

గడ్డం గీసుకునే అద్దం తెచ్చి పేజీ ముందు పెట్టాను. అందులో సరిగ్గా కనిపించింది. మొదటి వరుస పోయింది. మిగతాది ఇది:

"...ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు. నెలాఖరుకు చెప్పాలి. పని నాకు నచ్చింది. ఇల్లూ గుర్తొస్తోంది. మీరు రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. ఏదైనా సరే, ఒక మాట మీ నోటి నుంచి కావాలి. నీ ఇష్టం అని మాత్రం రాయకండి."

మూడుసార్లు చదవలేదు. ఒకసారికే ఎక్కింది.

వెళ్లింది ఆమె కాబట్టి ఎత్తు ఆమెది అనుకుంటూ కూర్చున్నాను. ఆమె ఎత్తు నన్ను చేరి పదిహేను రోజులైంది. జూలై తొమ్మిది నుంచి ఎత్తు నాది. నేను ఆ మాటలు కిందికి, రాజుల బొమ్మ పైకి పెట్టి గరిటెతో నొక్కాను. పుస్తకంలో ఆ తేదీన "ఉత్తరాలు ఒకటి" అన్నది కొట్టేసి "రెండు" అని దిద్దాను. ఇరవై ఆరేళ్లలో నేను చేసిన మొదటి కొట్టివేత ఇది.

ఇంకొకటి. కార్డు చేతిలో పట్టుకుని పంపుహౌస్‌కు తిరిగి నడుస్తుంటే నీ లెక్క విడిపోయింది. నా రాజు తొలగనక్కర్లేదు. బంటును ఒకే ఒక్క గడి జరిపితే చాలు. రెండు గడులు కాదు, ఒకటి. రాజులు ఉన్నచోటే ఉంటారు, ఎత్తు మాత్రం నీకు వస్తుంది. ఊరుకోవడం అనే ఎత్తు లేదన్నావు. నిజమే. చిన్న ఎత్తు ఒకటి ఉంది. ఇన్నాళ్లూ అది నా వెనకే ఉంది, తిరిగి చూడలేదు.

నా ఎత్తు: బంటు ఒక గడి.

ఆమెకు చెప్పాల్సింది ఇందులో రాయడం లేదు. నీ ద్వారా చెప్పను. ఈ సాయంత్రం ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, ఎల్లుండి బండి ఎక్కుతున్నాను. ఈ ఉత్తరమూ నేనూ ఒకే రోజు చేరవచ్చు. నేను ముందు చేరితే ఇది చదవకుండా పక్కన పెట్టు.

బావ


ఆగస్టు 20

బావా,

నువ్వు వెళ్లి మూడు వారాలు దాటింది. ఈలోపు మా గదికి నీ దగ్గర నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగూ అక్క పేరుకే. నేను గుమ్మంలో చేయి చాపితే పోస్టుమాన్ "మీకు కాదండీ" అంటున్నాడు. ఉత్తరాలు రాయడం నేర్పింది నేను, చదివేది ఆవిడ. పైగా ఒక్క ముక్క చెప్పదు. "ఏం రాశాడు?" అంటే "నీళ్లు పదమూడడుగులట" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. పదమూడడుగుల నీళ్లకు తలుపెందుకో నాకు తెలియదు.

ఆ రోజు సంగతి నువ్వు నీ పుస్తకంలో "వెళ్లాను, మాట్లాడాను" అని తప్ప రాసి ఉండవు. అందుకని నేను రాసి పెడుతున్నాను. నేను పక్కగదిలో ప్రూఫులు పట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రూఫుల్లో తప్పులన్నీ అలాగే అచ్చయిపోయాయి, యజమాని చేత చీవాట్లు కూడా తిన్నాను. కాబట్టి విన్నదంతా నా హక్కు.

నువ్వు వచ్చి కూర్చున్నావు, అక్క నీళ్లిచ్చింది. తర్వాత అక్క అంది:

"చెప్పండి మరి. రమ్మంటారా, ఉండమంటారా?"

"ఉండు."

నేను ప్రూఫులు పక్కన పెట్టేశాను.

"అంతేనా?"

"నేనొస్తాను. ఇక్కడి పంపుహౌస్‌కు మార్చమని కాగితం ఇచ్చే వచ్చాను."

"ఇచ్చేశారా! నన్నొక మాట అడగొద్దూ?"

"అడిగితే నీ ఇష్టం అన్నట్టే అవుతుందని."

అప్పుడు నవ్వింది బావా. కార్డు సంగతికి నవ్వనిది, అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. నలభై కాలర్లు పాడు చేసిన మనిషి ముప్పై ఒకటిన సంతకం పెట్టి వచ్చి, ఆ సాయంత్రమే నలభై కుడి కాలర్లు కత్తిరించి పెట్టింది. వాటికి జోడు కుదిరిందట, వర్క్‌షాపులో ఏదీ వృథా పోలేదు.

ఇంతకీ ఆట ఏమైంది? నువ్వు బంటును ఒక గడి జరిపావు. శభాష్, అదే గెలుపు. నా రాజు నెల రోజులుగా ఎటు తొలగాలా అని నిలబడి ఉన్నాడు, కాళ్లు పీకుతున్నాయి. ఇదిగో, కుడికి తప్పుకున్నాను. నువ్వు ఎడమ నుంచి లోపలికి రావచ్చు. ఇందులో కొత్త కార్డు కూడా పెడుతున్నాను, ఈసారి చెరో బంటు.

బదిలీ సంగతి ఏమన్నారు?

నీ ఓడిన బావమరిది


ఆగస్టు 24

బావమరిదికి,

నా ఎత్తు: రాజు ఎడమ మూలగా ముందుకు. ఇక నువ్వు ఆపలేవు.

బదిలీకి ఆరు నెలలు పట్టవచ్చన్నారు. అక్కడ ఖాళీ లేకపోతే ఏడాది. పెద్దాఫీసు గుమాస్తా "ఇన్నేళ్ల సర్వీసు, ఈ ఊరు వదిలి ఎందుకయ్యా?" అన్నాడు. "మా ఆవిడకు అక్కడ ఉద్యోగం" అన్నాను. కాగితం మీద కూడా కారణం అదే రాశాను. వేరే కారణం రాస్తే త్వరగా అవుతుందన్నాడు. మార్చలేదు.

అందాకా నెలకోసారి ఆదివారం కలిసేలా వస్తాను. ఆమె కుట్టుమిషను పాదం విప్పి, పై తలభాగాన్ని గోనెలో కట్టాను. వచ్చేసారి నాతో తెస్తాను. బరువే, కానీ మోయగలను. ఈ సంగతి ఆమెకు రాయలేదు, నువ్వూ చెప్పకు.

నిద్రమంత్రి చదరంగం నేర్పమంటున్నాడు. నీ మొదటి కార్డు పెట్టి అడిగాను. బంటును రెండు గడులు తోశాడు. నేనేమీ అనలేదు, నా రాజును తీసుకెళ్లి దాని ముందు కూర్చోబెట్టాను. "అన్నా, ఇదన్యాయం" అన్నాడు.

కొత్త కార్డు అందింది. నీళ్లు పదమూడున్నర అడుగులు, చిరుజల్లు, ఉత్తరాలు ఒకటి. వెనక్కి తిప్పి చూశాను, ఏమీ లేదు. కార్డులు అతికించడం మానేశాను. పై అంచున ఒక్క గుండుసూది గుచ్చుతున్నాను, ఎప్పుడైనా ఎత్తి వెనక చూడటానికి వీలుగా ఉంటుంది.

ఆ అద్దం ఇంకా పుస్తకం పక్కనే ఉంది. గడ్డం గీసుకోవడానికి ఇంకొకటి కొన్నాను.

బావ